ఆడిస్తూ చూసే పరీక్ష

సబ్బు బుడగలు వదిలే బొమ్మ తుపాకీ, ఒక బెలూను, మీట నొక్కితే కదిలే కుందేలు, చిన్న దుప్పటి, కప్పు, బొమ్మ కారు, ఒక పాపాయి బొమ్మ, మూత గట్టిగా బిగించిన డబ్బాలో నాలుగు బిస్కెట్లు. పిల్లల్లో ఆటిజం ఉందో లేదో తేల్చడానికి పరిశోధకులూ వైద్యులూ ఎంతో నమ్మకంగా వాడే పరికరాల పెట్టె తెరిస్తే కనిపించేవి ఇలాంటివే. దాని పేరు ఆటిజం డయాగ్నస్టిక్ అబ్జర్వేషన్ షెడ్యూల్. వాడుకలో ఏడాస్. అమెరికా మనస్తత్వవేత్త కేథరిన్ లార్డ్, లండన్‌లో పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్, వాళ్ళ సహచరులు కలిసి దీన్ని తయారుచేసి 1989లో ప్రకటించారు. ఇప్పుడు చేతిలో ఉన్నది 2012లో వచ్చిన రెండో కూర్పు.

ఆటిజాన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. ఎమ్మారై తీసి ఇదిగో ఇక్కడుంది అని చూపించడానికీ వీల్లేదు. నిర్ధారణ అంతా ప్రవర్తన మీదే. 2013లో వచ్చిన మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం రెండు వైపులా లక్షణాలు కనబడాలి. మొదటిది ఎదుటి మనిషితో ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బంది: మాటామంతీలో, చూపులూ సైగల్లో, స్నేహంలో. రెండోది చేసిందే చేయడం, ఒకే విషయం మీద విపరీతమైన పట్టు, మార్పును తట్టుకోలేకపోవడం, శబ్దానికో వెలుతురుకో స్పర్శకో మామూలుకంటే ఎక్కువగానో తక్కువగానో స్పందించడం. ఈ రెండోవైపు నాలుగు లక్షణాల్లో కనీసం రెండుండాలి. మొదటివైపు చెప్పిన మూడు అంశాలూ ఉండి తీరాలి. ఇవన్నీ చిన్నప్పుడే మొదలై ఉండాలి.

రాసుకోవడానికి ఇది తేలికే. కొలవడం దగ్గరే చిక్కంతా. ఇచ్చిపుచ్చుకోవడం అనేది బిడ్డ ఒంట్లో ఒకచోట ఉండేది కాదు, ఇద్దరు మనుషుల మధ్య జరిగేది. పక్కన కూర్చుని రాసుకునేవాడికి అందులో సగమే దొరుకుతుంది. పోనీ తానే ఆటలోకి దిగుదామంటే, ఒక డాక్టరు నవ్వించే తీరు వేరు, ఇంకొకరు బెదరగొట్టే తీరు వేరు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల్ని చూసి ఆటిజాన్ని తొలిసారి వివరంగా వర్ణించాడు. ఆ వర్ణన ఎంత పదునైనదో ఇవాళ చదివినా తెలుస్తుంది. కానీ ఆ కన్ను కానర్‌ది. దాన్ని ఇంకొకరికి అప్పగించే దారి ఆయన దగ్గర లేదు. లార్డ్, రట్టర్ బృందం కనిపెట్టింది ఆ దారినే. బిడ్డ ఏం చేయాలో వాళ్ళు నిర్ణయించలేదు. పెద్దవాళ్ళు ఏం చేయాలో, ఎంతసేపు చేయాలో, ఎక్కడ ఆగి నోరు మూసుకుని ఉండాలో నిర్ణయించారు. ప్రతి ఆటా ఒక అదును. ఆ అదునులో మామూలుగా ఎదిగే బిడ్డకు ఎదుటి మనిషి వైపు చూడాలనో, అడగాలనో, చూపించాలనో అనిపిస్తుంది. అనిపించేలా చేసి ఆగిపోవాలి. ఆ ఆగడంలోనే పరీక్షంతా ఉంది.

మొదటి జాగ్రత్త బిడ్డ గదిలోకి రాకముందే తీసుకుంటారు. ఏడాస్‌లో ఐదు విభాగాలున్నాయి. ఏ విభాగం వాడాలన్నది ముఖ్యంగా మాటను బట్టి నిర్ణయమవుతుంది: మాటలు ఇంకా కూడని 12 నుంచి 30 నెలల పసివాళ్ళకు ఒకటి, అంతకన్నా పెద్దయినా రెండు మూడు మాటలు కలిపి మాట్లాడని పిల్లలకు ఒకటి, ముక్కముక్కలుగా మాట్లాడేవాళ్ళకు ఒకటి, ధారాళంగా మాట్లాడే పిల్లలకు ఒకటి, పెద్దవాళ్ళకు ఒకటి. కారణం స్పష్టం. మాట ఆలస్యమైన బిడ్డను మాటలతో పరీక్షిస్తే ఆ మౌనమంతా ఆటిజం ఖాతాలో పడిపోతుంది. మాట స్థాయిని ముందే సరిచూసుకుని, ఆ స్థాయి బిడ్డ నుంచి ఎదురుచూడదగ్గ స్నేహం కనబడుతోందా లేదా అని మాత్రమే అడుగుతారు. 1989 నాటి మొదటి రూపం మాటలొచ్చిన పిల్లలకే పనికొచ్చేది. మాటలు రాని పిల్లల కోసం తర్వాత విడిగా ఇంకొకటి తయారుచేసి, 2000లో రెంటినీ కలిపి నాలుగు విభాగాలుగా తీర్చారు. పసివాళ్ళ విభాగం 2012లో చేరింది. పరికరం పిల్లల వైపు మెట్టు మెట్టుగా దిగివచ్చిందన్నమాట.

మాటలు రాని మూడేళ్ళ బిడ్డ విషయమే తీసుకుందాం. తల్లో తండ్రో గదిలోనే ఉంటారు. మొదట బిడ్డను ఆటవస్తువుల మధ్య వదిలేస్తారు. బొమ్మ కారును నడుపుతాడా, బోర్లా తిప్పి చక్రాన్నే తిప్పుతూ కూర్చుంటాడా, దొరికినదాన్ని తెచ్చి అమ్మకు చూపిస్తాడా అని చూస్తారు. ఆటలో మునిగి ఉండగా పరీక్షకులు కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలుస్తారు. నాలుగు పిలుపులకు మించకూడదు. పలక్కపోతే తల్లి పిలవాలి. అప్పటికీ పలక్కపోతే ఇంట్లో ఎలా పిలిస్తే తిరుగుతాడో అలా పిలవమంటారు. ఎన్నో పిలుపుకు, ఎవరి గొంతుకు తిరిగాడన్నది వేర్వేరుగా లెక్కలోకి వస్తుంది. మన ఇళ్ళలో తల్లులు తరచూ చెప్పే మాట ఉంది: చాక్లెట్ కాగితం చప్పుడైతే పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తాడు, పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకడు. వాళ్ళకు తెలియకుండానే ఆ తల్లులు ఈ పరీక్షలోని కీలకాన్ని పట్టుకున్నారు. చెవికి వినబడుతోంది, మనిషి గొంతుకున్న ప్రత్యేకతే అందడం లేదు. వినికిడి సంగతి మాట మీద వదిలేయకుండా ముందుగా బెరా పరీక్ష చేయించమని డాక్టర్లు రాసిచ్చేది అందుకే.

తర్వాత చూపు. గదిలో కొంచెం దూరంగా ఆ కుందేలు ఉంటుంది. పరీక్షకులు బిడ్డ ముఖంలోకి చూసి, చూడు అని, తన కళ్ళు కుందేలు వైపు తిప్పుతారు. చెయ్యి ఎత్తరు. బిడ్డ ఆ కళ్ళ వెంట చూపు మళ్ళిస్తే చాలు, ఆ అంశం అక్కడితో అయిపోయినట్టే. లేకపోతే అప్పుడు వేలు చూపిస్తారు. అదీ అందకపోతే మీట నొక్కుతారు, కుందేలు కదులుతుంది. కళ్ళు, వేలు, వస్తువు: కష్టమైన మెట్టు ముందు, తేలికైనవి తర్వాత. గోరుముద్దలు పెడుతూ చందమామను చూపించే తల్లి చేసేది ఇదే పని. బిడ్డ చందమామను చూడటంతో అది పూర్తి కాదు. చూసి, తిరిగి అమ్మ ముఖంలోకి చూస్తాడు. నువ్వూ చూస్తున్నావా అని. అటూ ఇటూ తిరిగే ఆ చూపు చాలామంది పిల్లల్లో మొదటి ఏడాది నిండే వేళకు వచ్చేస్తుంది. మాట దాని మీదే నిలబడుతుంది. వస్తువునూ మనిషినీ ఒకే చూపులో కలపగలిగినప్పుడే ఆ మనిషి నోట వచ్చిన శబ్దం ఆ వస్తువు పేరని తెలిసేది.

ఇక్కడే నాకు అన్నిటికంటే అబ్బురమనిపించే తేడా ఒకటుంది. బుడగలు వదిలి, కాసేపటికి ఆపేస్తారు. కొందరు పిల్లలు ఇంకా కావాలని అడుగుతారు: తుపాకీ అందించి, చెయ్యి చాచి, అరిచి. కొందరు బుడగను చూసి, అమ్మ వైపు తిరిగి నవ్వి, మళ్ళీ బుడగను చూస్తారు. మొదటివాళ్ళకు బుడగ కావాలి. రెండోవాళ్ళకు కావలసిందేమీ లేదు, సంతోషం ఒక్కరే పెట్టుకోలేక పంచుకున్నారు. ఆటిజం ఉన్న పిల్లల్లో అడగడం ఎంతోకొంత కనబడుతుంది. ఊరికే పంచుకోవడమే అరుదు. పైకి చూస్తే రెండూ ఒకటే చూపు, ఒకటే చెయ్యి. అందుకే ఏడాస్ వీటిని వేర్వేరు అంశాలుగా రాయమంటుంది. తల్లిదండ్రులు మా వాడు అన్నీ అడుగుతాడండీ అని చెప్పడం, వైద్యుడు ఆలోచనలో పడటం ఎందుకు జరుగుతాయో ఈ తేడా తెలిస్తే అర్థమవుతుంది.

బెలూను ఊదుతారు, నెమ్మదిగా, బిడ్డ కళ్ళముందే. పట్టుకుని ఉండి, వదిలేస్తారు. అది బుర్రుమని గది నిండా తిరిగి ఎక్కడో పడుతుంది. బిడ్డ తెచ్చి ఇస్తే, ఇచ్చేటప్పుడు ముఖంలోకి చూస్తాడా? కొందరు ముఖం చూడకుండా పెద్దవాళ్ళ చేతిని పట్టుకుని బెలూను మీద పెడతారు. ఇంట్లో చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళి తలుపు మీద పెట్టడం లాంటిదే ఇది. ఎదుటివాళ్ళ ఒంటిని పనిముట్టుగా వాడుకోవడం అని దానికి విడిగా ఒక అంశమే ఉంది. దుప్పటితో దోబూచులు, పాపాయి బొమ్మకు పుట్టినరోజు, పిండితో చేసిన కేకు మీద కొవ్వొత్తులు, చివరికి బిస్కెట్లు. బిస్కెట్ల డబ్బా మూత పసిచేతులకు రాదు. కనబడుతుంది, అందదు. అడగక తప్పదు. ఎలా అడుగుతాడో చూస్తారు. ఆకలిని అదునుగా మార్చిన ఈ చిన్న ఏర్పాటు వెనక ఎంత ఆలోచన ఉందో!

మొత్తం 40 నిమిషాల నుంచి గంట. అయిపోగానే, జ్ఞాపకం చెదరకముందే అంకెలు వేయాలి. మామూలుగా ఉంటే 0, తేడా ఎక్కువయ్యేకొద్దీ 1, 2, 3. కూడేటప్పుడు 3ను 2గానే తీసుకుంటారు, ఒక్క అంశం మొత్తాన్ని లాగేయకుండా. కంటిచూపు అంశానికి మాత్రం 0 లేకపోతే 2, మధ్య అంకె లేదు. సందేహంలో ఉన్న పరీక్షకుడు 1 వేసి తప్పించుకునే వీలు ఉండదు. మాటలు రాని పిల్లల విభాగంలో కూడే అంశాలు 14. దాదాపు మాటలే లేని బిడ్డకు ఆ మొత్తం 16 చేరితే ఆటిజం, 11 చేరితే ఆటిజం వర్ణపటం (స్పెక్ట్రమ్) అని లెక్క. కొన్ని మాటలున్న బిడ్డకు ఆ హద్దులు 12, 8. హద్దులు వేర్వేరుగా ఉండటం కూడా ఇందాకటి జాగ్రత్తకు కొనసాగింపే. పరిశోధనలో ఈ పరికరం వాడాలంటే శిక్షణ పొందినవాళ్ళ అంకెలు అనుభవజ్ఞుల అంకెలతో అంశాలవారీగా 80 శాతం కలవాలి. కానర్ కన్ను ఇంకొకరికి అప్పగించడమంటే ఇదే.

అంకె ఒక్కటే తీర్పు కాదని దీన్ని తయారుచేసినవాళ్ళే చెబుతారు. బెదిరిపోయిన బిడ్డ, కొత్త చోట ముడుచుకుపోయే బిడ్డ ఎక్కువ అంకె తెచ్చుకోవచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళను గమనించి వాళ్ళలా నడుచుకోవడం నేర్చుకున్న ఆడపిల్లలు తక్కువ అంకెతో దాటిపోతారు. అందుకే తల్లిదండ్రులతో సుదీర్ఘంగా మాట్లాడే ఇంకో పరికరం, 93 ప్రశ్నల ఏడీఐ-ఆర్, దీనికి జంటగా వచ్చింది. ఒకటి ఈ పూట చూసింది చెబుతుంది, రెండోది పుట్టినప్పటి నుంచి జరిగింది చెబుతుంది.

నిర్ధారణలో ఇంత పట్టుదల చూపిన రట్టర్ పేరే కారణాల కథలోనూ ముందు వినబడుతుంది. 1960ల దాకా ఆటిజానికి తల్లి చల్లదనమే కారణమన్న నమ్మకం బలంగా ఉండేది. చికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఆ వాదంతో పుస్తకమే రాశాడు. ఆ మాట మోసిన తల్లుల సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వంశపారంపర్యమేమో అన్నవాళ్ళకు ఎదురయ్యే అభ్యంతరం ఒకటుండేది: ఆటిజం ఉన్న బిడ్డ తోబుట్టువుల్లో అది దాదాపు 2 శాతం మందికే ఉంది, ఇంత తక్కువైతే జన్యువులేమిటి అని. అప్పటి లెక్కల్లో మొత్తం జనాభాలో ఆటిజం పది వేలకు నలుగురైదుగురే. దాని పక్కన పెట్టి చూస్తే 2 శాతం చిన్నది కాదు, యాభై రెట్ల దాకా ఎక్కువ. రట్టర్ ఆ అంకెను తిరగేసి చదివాడు.

సుసాన్ ఫోల్‌స్టీన్‌తో కలిసి ఆయన బ్రిటన్ అంతటా కవలల్ని వెతికాడు. కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 జంటలు దొరికాయి. అన్నీ ఇద్దరూ మగపిల్లలో ఇద్దరూ ఆడపిల్లలో ఉన్నవే, ఆడ మగ తేడా లెక్కను చెడగొట్టకుండా. 11 జంటలు ఒకే అండం నుంచి పుట్టినవి, 10 జంటలు రెండు అండాల నుంచి పుట్టినవి. ఎవరు ఏ రకం కవలలో తెలిస్తే మనసు తీర్పును అటు లాగుతుంది. అందుకని ప్రతి బిడ్డ వివరాలు విడిగా రాసి, ఆ ఆచూకీ తీసేసి, అప్పుడు నిర్ధారించారు. 1977లో వచ్చిన ఫలితం: ఒకే అండం కవలల్లో 11కు 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం. రెండో రకంలో ఒక్క జంటా లేదు. ఆటిజం అని చెప్పలేని మాట ఆలస్యాలూ నేర్చుకోవడంలో ఇబ్బందులూ కలిపి చూస్తే తేడా ఇంకా పెరిగింది, 82 శాతానికి 10 శాతం. అంటే వారసత్వంగా వచ్చేది ఆటిజం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న విశాలమైన పరిధి. వర్ణపటం అన్న ఆలోచనకు జీవశాస్త్రం వైపు నుంచి తొలి గట్టి ఆధారాల్లో ఇదొకటి. ఒకరికే ఆటిజం ఉన్న 17 జంటల్లో 12 చోట్ల, మెదడుకు దెబ్బ తగిలే అవకాశమున్న ప్రమాదం ఆ ఒక్క బిడ్డకే ఎదురైందని కూడా అదే వ్యాసం చెప్పింది. 21 జంటలతో ఇన్ని సంగతులు రాబట్టిన పని ఇంకోటి నాకు తెలియదు. 2017లో స్వీడన్ లెక్కలు వంశపారంపర్య భాగాన్ని 83 శాతంగా తేల్చాయి.

ఏ జన్యువు అన్న ప్రశ్నకు మొదటి గట్టి జవాబు 2003లో పారిస్ నుంచి వచ్చింది. థామస్ బూర్జెరాన్ బృందం స్వీడన్‌లో రెండు కుటుంబాల్లోని అన్నదమ్ముల్లో న్యూరోలిజిన్ అనే ప్రోటీన్ల జన్యువుల్లో మార్పులు పట్టుకుంది. రెండు నాడీకణాలు కలిసే సందులో, సందేశం పంపే వైపు పొర మీద న్యూరెక్సిన్ ఉంటుంది, అందుకునే వైపు పొర మీద న్యూరోలిజిన్. సందు మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వాటి పని. అందుకునే వైపు లోపల షాంక్3 అనే ప్రోటీను ఉంటుంది. పెళ్ళిపందిరికి రాటలూ వాసాలూ ఎలాగో, సందేశం అందుకునే యంత్రాంగానికి షాంక్3 అలాగ. మిగతావన్నీ దాన్ని ఆనుకునే నిలుస్తాయి. 22వ క్రోమోజోములో ఉన్న ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పోయినా చాలు, మాట వెనకబడుతుంది, కొందరిలో ఆటిజం కనబడుతుంది. 2007లో ఇదే బృందం ఆ సంగతీ బయటపెట్టింది. ఒకే సందులో మూడు భాగాలు, వాటిలో ఏది చెడినా దాదాపు ఒకే తీరు పర్యవసానం.

2020లో 35,584 మంది జన్యువులు చదివిన అంతర్జాతీయ బృందం ఆటిజంతో ముడిపడ్డ 102 జన్యువుల జాబితా ఇచ్చింది. వాటిలో ఎక్కువ రెండు రకాల పనులు చేసేవి: కణాల మధ్య సందుల్ని నడిపేవి, మిగతా జన్యువులు ఎప్పుడు పనిచేయాలో ఎప్పుడు ఆగాలో చూసేవి. వీటిలోని మార్పులు చాలావరకు తల్లిదండ్రుల్లో లేనివి, బిడ్డలో కొత్తగా వచ్చినవి. కొత్త మార్పు ఏ బిడ్డలోనైనా సహజమే. తండ్రి వయసులో ప్రతి ఏడాదికీ సుమారు రెండు పెరుగుతాయని 2012లో ఐస్‌లాండ్ పరిశోధన చూపింది. వాటిలో అత్యధికం ఏ హానీ చేయవు. కానీ ఆటిజం ఉన్నవాళ్ళలో అందరికీ ఇలాంటి ఒక్క పెద్ద మార్పే కారణం కాదు. ఎక్కువమందిలో, మనందరిలోనూ ఉండే వందలాది చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి. గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా సోకడం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మందు, బాగా నెలలు తక్కువ కాన్పు కూడా అవకాశాన్ని పెంచుతాయి. మూర్ఛ మందును సొంతంగా మానేయడం మరీ ప్రమాదం, డాక్టరుతో మాట్లాడి మార్చుకోవలసిన విషయం అది.

అప్పటికి తెలిసిన ఆటిజం జన్యువులు మెదడులో ఎప్పుడు ఎక్కువగా పనిచేస్తాయని 2013లో రెండు అమెరికా బృందాలు విడివిడిగా వెతికాయి. రెండిటికీ ప్రధానంగా దొరికిన కాలం ఒకటే: గర్భం నడిమి నెలలు, మెదడు పైపొర అల్లుకునే సమయం. బిడ్డ ఏడవడం కూడా మొదలుకాకముందు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న ప్రచారానికి ఇది ఒక జవాబు. ఆ ప్రచారానికి మూలమైన 1998 నాటి, 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల లెక్క చూసినా ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు.

మన దగ్గరి పనితనం గురించి కూడా చెప్పాలి. ఏడాస్ ఖరీదైనది, శిక్షణ దూరం. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పటి నీపిడ్, మన పిల్లల కోసం ఐఎస్ఏఏ అనే కొలమానాన్ని తయారుచేసింది. 2009లో అది వాడుకలోకి వచ్చింది. ఆరు భాగాల్లో 40 అంశాలు. తీవ్రత ఎంత అని అడగకుండా ఎంత తరచుగా అని అడగడం దీని తెలివి: ఎప్పుడో ఒకసారి, అంటే 20 శాతం లోపు కనబడితే 1, దాదాపు ఎప్పుడూ కనబడితే 5. తల్లికి తెలిసిన భాష అదే, ఎన్నిసార్లు అలా చేస్తాడమ్మా అని. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేదు; 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. దానికి దేశమంతటా ఇచ్చే ధ్రువపత్రం లెక్క ఈ సికింద్రాబాద్ కొలమానం మీదే నడుస్తోంది.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డ, ఏడాదిన్నరకూ వేలు చూపించని బిడ్డ, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే, వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకే మాటలొచ్చాయి, మగపిల్లలకు ఆలస్యమే అనే పెద్దల ఓదార్పు విని ఆగకండి. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ పేరుతో బాల్యంలోనే గుర్తించే కేంద్రాలున్నాయి, అక్కడ చూపించడానికి డబ్బు కట్టనక్కర్లేదు. తేడా ఏమీ లేదని తేలితే ఒక పూట పోతుంది, అంతే. ఉందని తేలితే స్పీచ్ థెరపీ, ఆటలతో నేర్పే శిక్షణ రెండేళ్ళ వయసులోనే మొదలవుతాయి. బిడ్డను తీసుకుని ఈ వారమే వెళ్ళండి.